మంచు నేలను వదిలే చోట: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల శీర్షిక మొత్తం ఒక్క విషయానికే ఇచ్చేస్తున్నాను. అంటార్కిటికాలో థ్వైట్స్ అనే హిమానీనదం కూలబోతోందంటూ ఒక వీడియో చాలామంది ఫోన్లలో తిరిగినట్టుంది, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. కొందరు భయపడి రాశారు, కొందరు ఇదంతా బూటకమని కోపంగా రాశారు. భయపడ్డవాళ్లూ కోప్పడ్డవాళ్లూ ఒక్క చోటే పొరబడుతున్నారు: నీళ్ల మీద తేలే మంచునీ, నేల మీద కూర్చున్న మంచునీ ఒకటే అనుకుంటున్నారు. ఆ తేడా పట్టుకుంటే మిగతాది అర్థం కావడం కష్టం కాదు.

ప్రశ్న: మా కుటుంబ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. డూమ్స్‌డే గ్లేసియర్ అనేది ఐదేళ్లలో కూలిపోతుందనీ, సముద్రం రెండడుగులు పెరిగి తీరంలో ఊళ్లన్నీ మునుగుతాయనీ చెప్పారు. మాకు మచిలీపట్నంలో ఇల్లుంది. అమ్మేద్దామా అని మావారు టెన్షన్ పడుతున్నారు. నిజమేనా అండీ?
— ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ఆ వీడియో చూసి మాత్రం ఇల్లు అమ్మకండి. రెండు నిజాలను అతికించి ఒక అబద్ధం తయారు చేశారు అందులో. 2021 డిసెంబరులో అమెరికాలో జరిగిన భూభౌతిక శాస్త్రవేత్తల సమావేశంలో, థ్వైట్స్ ముందు తూర్పు వైపున సముద్రం మీద తేలుతున్న మంచు పలక బీటలు వారిందనీ, ఐదేళ్లలోపే ముక్కలు కావచ్చనీ చెప్పిన మాట నిజం. థ్వైట్స్ మొత్తం సముద్రంలో కలిస్తే ప్రపంచమంతటా నీటిమట్టం సుమారు 65 సెంటీమీటర్లు, అంటే రెండడుగులకు కాస్త పైగా పెరుగుతుందన్నదీ నిజమే. కానీ ఐదేళ్ల మాట ముందున్న పలక గురించి చెప్పింది, రెండడుగుల మాట దాని వెనక ఉన్న మొత్తం హిమానీనదం గురించి చెప్పింది. ఆ హిమానీనదం మన ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దదండీ, దాదాపు 1,92,000 చదరపు కిలోమీటర్లు. సముద్రాన్ని తాకే చోట దాని వెడల్పే 120 కిలోమీటర్లు. అంత మంచు ఐదేళ్లలో పోదు, అది శతాబ్దాల లెక్క.

అలాగని ఊరికే ఉండమని చెప్పలేను. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది, ఆ పెరిగే వేగం కూడా పెరుగుతూ వస్తోంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం 2021 నివేదిక ప్రకారం, మనం ఎంత పొగ వదులుతామన్న దాన్ని బట్టి ఈ శతాబ్దం చివరికి ఇంకో 28 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా పెరగవచ్చు. మచిలీపట్నం వాళ్లకు 1977 దివిసీమ ఉప్పెన గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. సముద్రం ఒక అడుగు ఎత్తున ఉంటే, రేపు వచ్చే ఉప్పెన ఆ అడుగు మీద నుంచి లేస్తుంది. ఇల్లు ఎంత ఎత్తులో ఉంది, వాన నీరు ఎటు పోతుంది, తుపాను షెల్టరు ఎంత దూరం అన్నవి చూసుకోండి, నిర్ణయం వాటిని బట్టి తీసుకోండి.

ఇంకో మాట. థ్వైట్స్‌కు డూమ్స్‌డే అన్న పేరు 2017లో ఒక అమెరికన్ పత్రిక వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. అక్కడ పనిచేసే శాస్త్రవేత్తల్లో చాలామందికి ఆ పేరు నచ్చదు, నాకూ నచ్చదు. ప్రళయం అనగానే మనిషి చేతులెత్తేస్తాడు.

ప్రశ్న: సార్, గ్లాసులో ఐసు ముక్క కరిగితే నీటిమట్టం పెరగదని ఆర్కిమెడిస్ సూత్రంలో చదువుకున్నాం. మరి తేలే మంచు విరిగిపోతే మనకొచ్చే నష్టం ఏంటి?
— ఇంటర్ విద్యార్థి, కర్నూలు

జవాబు: నీ సూత్రం కరెక్టే. తేలే పలక విరిగితే దానివల్ల సముద్రం దాదాపు పెరగదు. చూడాల్సింది ఆ పలక వెనక ఉన్నదాన్ని.

మంచు రాయిలా కనిపిస్తుంది గానీ, కిలోమీటర్ల మందాన పేరుకున్నప్పుడు తన బరువుకు తానే, జారుగా కలిపిన దోసె పిండిలా మెల్లగా పక్కలకు పాకుతుంది. అలా పాకుతూ పాకుతూ తీరం దాటి నీళ్ల మీదకు వచ్చి తేలే భాగాన్నే ఐస్ షెల్ఫ్ అంటారు. ఇది అఖాతం గోడలకు రాసుకుంటూ, అక్కడక్కడా సముద్రం అడుగున ఉన్న మిట్టలకు ఆనుకుంటూ, వెనక నుంచి వచ్చే మంచుకు అడ్డుగా నిలబడుతుంది. కళ్లంలో ధాన్యం రాశి పోసి, జారకుండా ముందు ఒక చెక్క అడ్డం పెట్టామనుకో. చెక్క బరువు ధాన్యం లెక్కలోకి రాదు, కానీ దాన్ని లాగేస్తే ధాన్యం జారుతుంది.

ఇది కళ్లారా చూసిన సంగతి కూడా. అంటార్కిటికా ద్వీపకల్పంలో లార్సెన్ బి అనే పలక కనీసం పది వేల ఏళ్లుగా కదలకుండా ఉంది. 2002 జనవరి ఆఖరు నుంచి మార్చి మొదటి వారాల లోపు, అంటే సుమారు 35 రోజుల్లో, 3,250 చదరపు కిలోమీటర్ల మంచు ముక్కలు ముక్కలైపోయింది. ఎండాకాలపు వేడికి పైన నీటి మడుగులు కట్టి, ఆ నీరు పగుళ్లలోకి దిగి, మేకు దిగగొట్టినట్టు మంచును చీల్చేసింది. సముద్రమట్టం ఆ రోజు పెరగలేదు, నువ్వు చెప్పినట్టే. కానీ తర్వాత ఏడాదిలో ఆ పలక వెనక ఉన్న హిమానీనదాలు వేగం పుంజుకున్నాయి, కొన్ని ఎనిమిది రెట్ల దాకా. ఆ పక్కనే పలక మిగిలి ఉన్న చోట హిమానీనదాలు మాత్రం ఎప్పటిలాగే నడిచాయి. దీనికంటే స్పష్టమైన ప్రయోగం మనిషి చేయగలిగేది కాదు.

జాన్ మెర్సర్ అనే శాస్త్రవేత్త 1978లోనే ఒక వ్యాసం రాశాడు. బొగ్గు, చమురు ఇలాగే మండిస్తూ పోతే, థ్వైట్స్ ఉన్న పశ్చిమ అంటార్కిటికా మంచుకు ముప్పు అనీ, దానికి తొలి సూచనగా ద్వీపకల్పంలో తేలే పలకలు ఉత్తరం నుంచి మొదలుపెట్టి దక్షిణానికి ఒక్కొక్కటే విరుగుతాయనీ. అప్పట్లో అది అతిగా అనిపించింది చాలామందికి. లార్సెన్ ఎ 1995లో విరిగింది, దానికి దక్షిణాన ఉన్న లార్సెన్ బి 2002లో. మెర్సర్ 1987లోనే పోయాడు, ఒక్కటీ చూడలేదు. ఆయన గురించి రాసేటప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న: ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మంచు ఒక హద్దు దాటి వెనక్కి జరిగితే ఇక ఆగదని చదివాను. గట్టు తెగినట్టు అలా ఎందుకవుతుంది? కాస్త లెక్కలతో చెప్పండి.
— ఒక విశ్రాంత ఇంజనీరు, రాజమహేంద్రవరం

జవాబు: లెక్కలతోనే చెబుతాను సార్. పశ్చిమ అంటార్కిటికాలో మంచు కింద నేల చాలా చోట్ల సముద్రమట్టానికి దిగువన ఉంది, పైగా తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ ఇంకా లోతవుతుంది. అంచు మిట్టగా, మధ్య గుంటగా ఉన్న పళ్లెంలో మంచు పోసి పెట్టినట్టు. మంచు సాంద్రత సముద్రపు నీటి కన్నా పదో వంతు తక్కువ కాబట్టి, వెయ్యి మీటర్ల లోతు నీళ్లలో మంచు తేలకుండా నేల మీద కూర్చోవాలంటే దాని మందం 1,120 మీటర్లయినా ఉండాలి. అంతకంటే పలచబడిందా, నేలను వదిలి తేలుతుంది. ఆ నేల వదిలే చోటునే గ్రౌండింగ్ లైన్ అంటారు, మొత్తం కథ అక్కడే ఉంది.

ఇప్పుడు కింద నుంచి కరిగి ఆ గీత కొంచెం లోపలికి జరిగిందనుకోండి. లోపల నేల ఇంకా లోతు, కాబట్టి అక్కడ మంచు ఇంకా మందం. మందం పెరిగేకొద్దీ ఆ గీత దాటి సముద్రంలోకి పారే మంచు కూడా పెరుగుతుంది, అదీ మామూలుగా కాదు. ముందు అడ్డు పలక లేదనుకుంటే, క్రిస్టియన్ షూఫ్ 2007లో ఇచ్చిన సూత్రం ప్రకారం, మిగతావన్నీ అలాగే ఉండి మందం రెట్టింపైతే ప్రవాహం పాతిక రెట్లకు పైగా అవుతుంది. ఎక్కువ మంచు బయటికి పోతే వెనక ఉన్నది పలచబడుతుంది, పలచబడితే గీత ఇంకా వెనక్కి జరుగుతుంది, అక్కడ ఇంకా లోతు. ఈ చక్రాన్ని యోహానెస్ వీర్ట్‌మన్ 1974లోనే చూపించాడు. ఏటిగట్టుకు గండి పడితే పారే నీరే గండిని పెంచుతుంది చూడండి, ఆ పోలిక మీకు నాకంటే బాగా తెలుసు.

కాగితం మీద ఇంత నున్నగా ఉన్నా అక్కడి నేల నున్నగా లేదు. అడుగున మిట్టలున్న చోట గీత పట్టుకుని ఆగుతుంది, ఇరుకు లోయల్లో గోడల రాపిడి ఆపుతుంది. ఇంకో చిత్రం ఏమిటంటే, మంచు భారం తగ్గేకొద్దీ కింద నేలే పైకి లేస్తోంది, థ్వైట్స్ వెళ్లి కలిసే అముండ్‌సెన్ సముద్రం తీరాన ఏడాదికి 4 సెంటీమీటర్ల దాకా. అది కొంత బ్రేకు వేస్తుంది. కానీ 2014లో ఎరిక్ రిన్యో బృందం ఉపగ్రహ రాడార్ కొలతలు పరిచి చూపించింది: 1992 నుంచి 2011 లోపు థ్వైట్స్ పక్కనే ఉన్న పైన్ ఐలండ్ హిమానీనదం గీత 31 కిలోమీటర్లు, థ్వైట్స్ గీత మధ్యలో 14 కిలోమీటర్లు వెనక్కి జరిగాయి, ఇకపై ఆపగలిగే పెద్ద మిట్టలు కూడా వాటి వెనక కనబడలేదు.

అసలు గొడవ ఇంకోదాని మీద ఉంది. మన లంక గ్రామాల్లో గోదావరి ఒడ్డు అడుగు కోసుకుపోయి నిట్టనిలువుగా మిగిలినప్పుడు ఒక్కసారిగా విరిగి పడుతుంది కదా, మంచు కూడా నీటిపైన సుమారు వంద మీటర్లకు మించి నిలువు గోడగా మిగిలితే తన బరువు తాను మోయలేదు. ముందు పలకలన్నీ పోయి ఇలాంటి గోడలు వరసగా కూలితే ఒక్క అంటార్కిటికా వల్లే 2100కి సముద్రం మీటరుకు పైగా పెరగవచ్చని 2016లో రాబర్ట్ డికాంటో, డేవిడ్ పోలార్డ్ లెక్కగట్టారు. అందరినీ కలవరపెట్టింది ఆ లెక్క. 2024లో మాథ్యూ మోర్లిగెమ్ బృందం థ్వైట్స్ మీద ఇదే ఆలోచనను ఇంకా వివరమైన కంప్యూటర్ నమూనాలతో పరీక్షించి, పలక పోయినా ఈ శతాబ్దంలో అలా వరసగా కూలడం జరిగేట్టు లేదని తేల్చింది. మంచు వేగంగా పారి పలచబడిపోతుంది కాబట్టి గోడ అంత ఎత్తు నిలవదట. ఇది విని ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ అదే బృందం గండి పెరిగే చక్రం మాత్రం నడుస్తూనే ఉంటుందని కూడా చెప్పింది, వార్తల్లో ఆ రెండో వాక్యం సరిగ్గా రాలేదు. వెనక్కి పోవడం మీద వాదన లేదు, ఎంత వేగంగా అన్నదాని మీదే.

ప్రశ్న: అంటార్కిటికాలో మైనస్ డిగ్రీల చలి కదా. ఒకటి రెండు డిగ్రీలు పెరిగినంత మాత్రాన మంచు ఎలా కరుగుతుంది? పిల్లలు అడిగితే చెప్పలేకపోయాను.
— ఉపాధ్యాయిని, కరీంనగర్

జవాబు: పిల్లలు సరైన చోటే పట్టుకున్నారు మేడమ్. థ్వైట్స్ దగ్గర ప్రధానంగా కరిగిస్తున్నది గాలి కాదు, కింద నుంచి వచ్చే సముద్రపు నీరు. అంటార్కిటికా చుట్టూ లోతుల్లో తిరిగే ఒక పెద్ద ప్రవాహం ఉంది, దాని ఉష్ణోగ్రత సున్నాకు ఒక డిగ్రీ పైన. మనకది గడ్డకట్టే చలి. సముద్రపు నీరు పైన మైనస్ 1.9 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి వల్ల ఆ అంకె ఇంకా తగ్గుతుంది. అంటే కిలోమీటరు లోతున మంచును తాకే ఆ నీరు మంచు కరిగే ఉష్ణోగ్రత కన్నా మూడు డిగ్రీలకు పైగా వెచ్చన. వెచ్చని నీరు పైకి తేలాలి కదా అని కూడా పిల్లలు అడుగుతారు, అడగాలి. ఈ నీటిలో ఉప్పు ఎక్కువ, అందుకే బరువెక్కి అడుగునే ఉంటుంది. గాలుల తీరు మారినప్పుడు అది తీరానికి దగ్గరి మెరక మీదకు ఎక్కి, సముద్రం అడుగున ఉన్న పాత లోయల వెంట నేరుగా మంచు కిందికి చేరుతుంది.

2020 జనవరిలో థ్వైట్స్ పలకకు వేడినీళ్లతో సుమారు 600 మీటర్ల లోతు బోరు వేసి, ఐస్‌ఫిన్ అనే సన్నటి రోబోను అందులోంచి కిందికి దింపారు. అమెరికా, బ్రిటన్ కలిసి 2018లో మొదలుపెట్టిన పరిశోధనలో భాగం అది. మనిషి చూడని చోటును చూసి వచ్చింది. చదునుగా ఉన్న చోట్ల మంచు అనుకున్నదాని కంటే నెమ్మదిగా కరుగుతోంది, ఏడాదికి కొన్ని మీటర్లే; పైన చల్లని మంచినీటి పొర ఒకటి దుప్పటిలా కాపాడుతోంది. కానీ పగుళ్లలో, మెట్లు మెట్లుగా ఉన్న నిలువు గోడల దగ్గర చాలా వేగంగా తినేస్తోంది. 2023లో ఈ ఫలితాలు వచ్చినప్పుడు నేను రెండుసార్లు చదివాను. సగటున తక్కువ కరిగినా, కరిగే చోటు బలహీనమైన చోటే అయితే పలక విరగడానికి అది చాలు. 2024లో ఉపగ్రహ కొలతలతో ఇంకోటి తెలిసింది: పోటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీరు నేల మీద కూర్చున్న మంచు కిందికి కూడా కిలోమీటర్ల దూరం దూరి, ఆటుతో వెనక్కి వస్తోంది. అంటే మనం గీత అంటున్నది నిజానికి ఒక వెడల్పాటి పట్టీ.

పిల్లలకు ఇంకో ఉదాహరణ చెప్పండి. గ్రీన్‌లాండ్‌లో యాకబ్స్‌హావెన్ అనే హిమానీనదం ఒకప్పుడు రోజుకు 40 మీటర్లకు పైగా పరిగెత్తింది. 2016 తర్వాత దాని ముందు సముద్రపు నీరు చల్లబడింది, వెంటనే అది నెమ్మదించి, ముందు భాగంలో మందం కూడా పెరిగింది. గాలి చల్లబడలేదు. అంచు దగ్గర నీటిదే పెత్తనం అని ఇంతకంటే తేలిగ్గా చూపించలేం.

ప్రశ్న: మాది ఉప్పాడ దగ్గర. మా తాతల నాటి ఇళ్లు, గుడి అన్నీ సముద్రంలో కలిసిపోయాయి. ఇది అంటార్కిటికా మంచు వల్లేనా?
— ఒక మత్స్యకార యువకుడు, కాకినాడ జిల్లా

జవాబు: చాలావరకు కాదు తమ్ముడూ. అలా చెబితే మీ గోడు వినాల్సిన వాళ్లు చేతులు దులుపుకుంటారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మీ దగ్గర కోతకు ముఖ్య కారణాలు అక్కడివే: కెరటాలు ఒడ్డును తాకే తీరు, ఒడ్డు వెంట నడిచే ఇసుకకు అడ్డుపడే కట్టడాలు, ఎగువన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవడం. ఒండ్రు రాక గోదావరి, కృష్ణా డెల్టాలు కూడా కుంగుతున్నాయి. పెరుగుతున్న సముద్రం వీటన్నిటి మీద అదనపు భారం.

అయితే ముందు ముందు అంటార్కిటికా మీకు దూరం కాదు. అంత పెద్ద మంచు దిబ్బకు సొంత గురుత్వాకర్షణ ఉంటుంది, చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాగి పెట్టుకుంటుంది. మంచు పోతే ఆ పట్టు సడలి నీరు దూరానికి జారుకుంటుంది. దాంతో అంటార్కిటికా పక్కన సముద్రం నిజానికి తగ్గుతుంది, పెరుగుదలంతా అవతలి వైపు పడుతుంది. పశ్చిమ అంటార్కిటికా కరిగితే ప్రపంచ సగటు కన్నా ఎక్కువ పెరిగే వైపున ఉంది మన బంగాళాఖాతం.

ప్రశ్న: అంటార్కిటికాలో మన దేశ పరిశోధన కేంద్రాలు ఉన్న వైపు కూడా ఇలాగే ఉందా?
— బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: 1983–84లో కట్టిన మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రి తేలే పలక మీదే ఉండేది. కొన్నేళ్లకే మంచులో కూరుకుపోయి వదిలేయాల్సి వచ్చింది. తర్వాత కట్టిన మైత్రి, 2012లో మొదలైన భారతి రెండూ రాతి నేల మీద ఉన్నాయి. ఇవి తూర్పు అంటార్కిటికాలోవి. అటు మంచు చాలావరకు ఎత్తయిన నేల మీద ఉంది కాబట్టి గట్టిదే. కానీ అన్ని చోట్లా కాదు. డెన్మన్ హిమానీనదం కింద లోయ సముద్రమట్టానికి 3,500 మీటర్ల దిగువకు పోతుంది. 2022 మార్చిలో తూర్పు తీరంలోనే కాంగర్ అనే పలక కొద్ది రోజుల్లో విరిగిపోయింది. తూర్పు వైపు చింత లేదు అని ఇదివరకు నేనే రాసి ఉంటాను, ఇప్పుడు రాయను.

ప్రశ్న: సముద్రంలో అడ్డంగా తెర కట్టి వెచ్చని నీటిని ఆపొచ్చని ఎక్కడో చదివాను. అవుతుందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ప్రతిపాదన ఉంది. సుమారు 80 కిలోమీటర్ల పొడవున, సముద్రం అడుగున లంగరు వేసి నిలబెట్టే తెర. ఏడాదిలో ఎక్కువ నెలలు ఓడలే వెళ్లలేని చోట, కొండలంత మంచు దిబ్బలు తిరిగే చోట దాన్ని నిలబెట్టాలి. పరిశోధించవద్దని అనను. దాన్ని చూపించి పొగ తగ్గించే పని వాయిదా వేయడం మాత్రం తప్పు అంటాను.

ప్రశ్న: పశ్చిమ అంటార్కిటికా మంచు ఇంతకు ముందు ఎప్పుడైనా కూలిందా? అప్పుడు మనుషులు కొలవలేదు కదా, ఎలా తెలుస్తుంది?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: ఎంత మంచి ప్రశ్న తల్లీ. దీనికి జవాబు ఒక ఆక్టోపస్ చెప్పింది. అంటార్కిటికా చుట్టూ సముద్రం అడుగున టర్కెట్ ఆక్టోపస్ అని చిన్న జీవి ఉంటుంది, పాకుతూ బతుకుతుంది, పెద్దగా దూరాలు పోదు. పశ్చిమ అంటార్కిటికాకు ఒక పక్క వెడెల్ సముద్రం, ఇంకో పక్క రాస్, అముండ్‌సెన్ సముద్రాలు ఉన్నాయి. మధ్యలో కిలోమీటర్ల మందాన మంచు. ఈ రెండు పక్కల ఆక్టోపస్‌లు కలుసుకోవడానికి దారి లేదు. కానీ వాటి జన్యువులను చదివితే, సుమారు 1,25,000 ఏళ్ల కిందటి కాలంలో రెండు పక్కల జీవులూ కలిసిన గుర్తులు కనిపించాయి. వాటి మధ్య నీటి దారి తెరుచుకుంటే తప్ప అది జరగదు, దారి తెరుచుకోవాలంటే మధ్యలో ఉన్న మంచు పోయి ఉండాలి. ఈ పరిశోధన 2023 డిసెంబరులో వచ్చింది. ఆ కాలంలో సముద్రం ఇప్పటికన్నా కనీసం 5 మీటర్లు ఎత్తున ఉండేదని పాత పగడపు దిబ్బలు ముందే చెప్పాయి, రెండూ సరిపోయాయి.

అప్పటి భూమి వేడి, ఫ్యాక్టరీలు రాకముందు కాలంతో పోలిస్తే అర డిగ్రీ నుంచి డిగ్రీన్నర దాకా ఎక్కువ. 2024 సంవత్సరం సగటు అదే లెక్కలో డిగ్రీన్నర దాటింది. ఒక్క ఏడాది దాటినంత మాత్రాన మంచు కూలదు. ఆనాడు ఆ వేడి వేల ఏళ్లు నిలిచి ఉంది.